పూతమీద ఉన్న చేనుకు మందు కొట్టవచ్చునా?



పురుగుమందు ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి అని అడిగితే జవాబు చెప్పటం మా ఉద్యోగం. ఎప్పుడు కొట్టకూడదు అని మమ్మల్ని అడిగేవారు తక్కువ. అడగలేదు గదా అని మేము చెప్పటమూ తక్కువే. ఈ పూట ఆ రెండవ సంగతి ముచ్చటించుకుందాము. మొదట ఒక ఉదంతం చెపుతాను. అందులో తప్పు నాది గనుక ఇతరుల పేర్లతో పని లేదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండవ సంవత్సరం. రబీ కాలం. నల్లరేగడి భూములున్న ఒక గ్రామంలో పొద్దుతిరుగుడు నిండు పూతమీద ఉన్నది. ఒక పెద్దాయన వచ్చి, "సార్, పువ్వు మీద పచ్చపురుగు పడింది. గింజ తినేస్తున్నది. ఏం కొట్టమంటారు?" అని అడిగాడు. వెళ్ళి చేను చూచాను. పురుగు ఉన్నమాట నిజమే. మందు పేరూ, ట్యాంకుకు ఎంత కలపాలో, ఎకరాకు ఎన్ని ట్యాంకులు పట్టాలో చీటీమీద వ్రాసి ఇచ్చాను. మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు. ఏ వేళ కొట్టాలో మాత్రం వ్రాయలేదు. పెద్దాయన మరునాడు ఎండ ముదరకముందే పని కావాలని తొమ్మిది గంటలకు మొదలుపెట్టి పదకొండుకు ముగించాడు. కష్టజీవి. చెప్పిన పని చెప్పినట్లు చేశాడు.

ఆ చేనికి రెండు గట్ల అవతల, తుమ్మచెట్టు నీడన, ఒక కుర్రవాడు పది తేనెటీగల పెట్టెలు పెట్టుకొని ఉన్నాడు. అప్పు తెచ్చి కొన్నవి. మధ్యాహ్నానికి పెట్టెల వాకిళ్ళ ముందు ఈగలు గిరగిరా తిరిగి పడిపోవటం మొదలయింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి చచ్చిన ఈగలను చీపురుతో ఊడ్చి చేటకెత్తుతున్నాడు. పదింటిలో మూడు పెట్టెలు మిగిలినవి. నన్ను ఒక్క మాట అనలేదు. "సార్, చీటీలో సాయంత్రం అని ఒక్క ముక్క వ్రాస్తే పోయేది గదా" అన్నాడు. అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కోతలనాడు పెద్దాయన చేను కూడా చూచాను. పువ్వు అంచులు బాగానే పండినవి. నడుమ అరచేయంత మేర తాలు. తాలుకు కారణాలు చాలా ఉన్నవి. బోరాను లోపం ఉన్నా, గింజ కట్టే సమయంలో నీటి ఎద్దడి వచ్చినా నడుమ గింజ పాలుపోసుకోదు. అంతా ఈగలు లేకనే అని నేను చెప్పను. అయినా మందు కొట్టిన తరువాత వారం రోజులు ఆ చేనులో ఈగ పాట వినబడలేదు. నడుమ పూలు విచ్చుకున్నది సరిగ్గా ఆ వారంలోనే.

ఇది అర్థం కావాలంటే పొద్దుతిరుగుడు పువ్వు సంగతి కొంచెం తెలియాలి. మనం పువ్వు అంటున్నది ఒక్క పువ్వు కాదు. వందల చిన్న పూలు ఒక పళ్ళెంలో అమర్చినట్లు ఉంటవి. అవి అన్నీ ఒకేసారి విచ్చవు. అంచున మొదలై, రోజుకు ఒకటి రెండు వరుసల చొప్పున లోపలికి వస్తవి. మొత్తం విచ్చటానికి వారం పది రోజులు పడుతుంది. ఒక్కొక్క చిన్న పువ్వులో మొదట పుప్పొడి బయటికి వస్తుంది. తరువాత గాని కీలాగ్రం తెరుచుకోదు. తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడటానికి వీలు తక్కువ. ఇంకొక పువ్వునుంచి ఎవరో తేవాలి. పొద్దుతిరుగుడు పుప్పొడి బరువైనది, జిగటగా ఉంటుంది. గాలికి ఎగరదు. తెచ్చేది ఈగ. అందులోనూ తేనెటీగ.

ఈ పంట మన దేశానికి 1969లో వచ్చింది. ఈగలు తక్కువగా ఉన్నచోట్ల ఉదయం ఎనిమిది నుంచి పదకొండు లోపల పలుచని గుడ్డ చేతికి చుట్టుకొని, పువ్వు మీద మెత్తగా రుద్దమని అప్పటినుంచి చెపుతూ వచ్చాము. రోజు విడిచి రోజు, పూత ఉన్నన్నాళ్ళు. ఎకరంలో ఉన్న పూలను లెక్క వేసుకొని, కూలి ఎంతవుతుందో మీరే చెప్పండి. చైనా దేశంలో సిచువాన్ రాష్ట్రాన హాన్యువాన్ అనే ప్రాంతంలో 1980 తరువాత నుంచి బేరి తోటల్లో మనుషులు చెట్లెక్కి, పుల్లకు ఈకలు కట్టి, పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దారు. మందులు విపరీతంగా కొట్టటం అక్కడ ఈగలు కరువవటానికి ఒక కారణం. హెక్టారుకు అయిదు పెట్టెలు ఉంటే ఆ పని మన పొద్దుతిరుగుడులో ఈగలే చేసి పెడతవి. కూలి అడగవు. పైపెచ్చు తేనె ఇస్తవి.

నమ్మకం కలగకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. విస్తరణ కార్యకర్తలు ఊళ్ళో ఇది చేసి చూపించటం నూరు ఉపన్యాసాల పెట్టు. పువ్వు విచ్చకముందే ఒక అయిదు పూలకు పలుచని దోమతెర గుడ్డ సంచులు కట్టండి. పక్కనే అయిదు పూలకు రంగు దారం కట్టి వదలండి. కోతనాడు రెండు రకాలూ విడివిడిగా దులిపి, గింజ నిండినవి ఎన్నో, తాలు ఎంతో పది మంది ఎదుట లెక్క పెట్టండి. ఇప్పటి సంకర రకాలు కొన్ని తమంతట తామే కొంతవరకు గింజ కట్టుకుంటవి. కనుక సంచి కట్టిన పువ్వు బొత్తిగా తాలు పోదు. తేడా మాత్రం తప్పక కనబడుతుంది.

పొద్దుతిరుగుడు ఒక్కటే కాదు. గుమ్మడి పాదులో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మీ అందరికీ తెలిసినదే. గుమ్మడి పువ్వు తెల్లవారక ముందే విచ్చి, పొద్దు పైకి రాగానే ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో ఈగలు పలుమార్లు వచ్చిపోతేగాని పిందె నిలవదు. ఒకటి రెండుసార్లు వచ్చి ఊరుకుంటే కాయ వంకర పోతుంది. దోస, పుచ్చ పూలు పొద్దు పొడిచిన తరువాత విచ్చుకుంటవి. బీర, ఆనప అట్లా కాదు. అవి సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటవి. వాటి దగ్గరకు రాత్రిపూట రెక్కల పురుగులు కూడా వస్తవి. ఇది ఎందుకు చెపుతున్నానంటే, "మందు సాయంత్రం కొట్టండి" అని నేను ఇకముందు చెప్పబోతున్నాను. ఆ సూత్రం బీరకూ ఆనపకూ పనికిరాదు. వాటికి పూతమీద మందు మానటం ఉత్తమం. తప్పనిసరి అయితే మధ్యాహ్నం దాటిన తరువాత, కొత్త పూలు విచ్చక మునుపు ముగించాలి.

పాదుల్లో పండు ఈగకు మందు కొట్టవలసిన పనే లేదు. క్యూలూర్ ఎర బుడ్లు కట్టితే మగ ఈగలు అందులోనే పడి చస్తవి. బెల్లం నీళ్ళలో మందు కలిపి చల్లే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. బెల్లం వాసనకు తేనెటీగ రాదా? కలిపినప్పుడే ఆలోచించాలి.

మామిడి సంగతి ఇంకొక విధం. మామిడి పూతకు పుప్పొడి చేర్చేవి ఎక్కువగా తేనెటీగలు కావు. మనం అసహ్యించుకునే మామూలు ఈగలు, పూలమీద నిలబడి ఎగిరే చారల ఈగలు. తేనెమంచు పురుగుకు మందు పూత మొగ్గ దశలో, పూలు విచ్చక ముందు కొట్టుకోవాలి. నిండు పూతమీద కొడితే పురుగుతోబాటు ఈ ఈగలూ పోతవి. కాత తక్కువైతే మనం మంచును, మబ్బును తిట్టుకుంటాము. వలిసెలు, నువ్వులు, ధనియాలు, ఉల్లి విత్తనపు పంట, కంది - వీటన్నిటికీ ఏదో ఒక మేరకు ఈగల సాయం ఉన్నది. అరకు కొండల్లో వలిసె పూచే రోజుల్లో వెళ్ళినవారికి ఈగల హోరు చెప్పనక్కరలేదు. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు. ప్రపంచమంతటి పంటలను లెక్క వేసిన శాస్త్రజ్ఞుల సంఘమొకటి 2016లో చెప్పినదేమంటే, మనుషులు తినే ముఖ్యమైన పంటల రకాల్లో నూటికి 75 కొంతైనా ఇటువంటి జీవాల మీద ఆధారపడినవే. వరి, గోధుమ, జొన్న వంటివి తమ పుప్పొడితోనో గాలితోనో గింజ కట్టుకుంటవి గనుక ఆ లెక్కలో లేవు.

మన పొలాల్లో తిరిగే తేనెటీగలన్నీ పెట్టెల్లోవి కావు. కొండ తేనె పెట్టే పెద్ద ఈగలు ఎత్తైన చెట్లకూ, నీళ్ళ ట్యాంకులకూ పట్టు పెడతవి. పుట్ట తేనెటీగలు చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో ఉంటవి. జుంటి ఈగలు కంపచెట్టుకు అరచేయంత పట్టు కడతవి. ఎండుకర్రకు బెజ్జం వేసుకొని ఉండే నల్ల తుమ్మెద, ఆకును గుండ్రంగా కత్తిరించుకొని పోయే ఈగ కూడా మన కందికి చాకిరీ చేసేవే. వీటికి యజమాని లేడు. చచ్చిపోతే వచ్చి మీ గుమ్మంలో నిలబడి అడిగేవాడు లేడు. పెట్టెల కుర్రవాడు ఒకడు ఉన్నాడు గనుక నాకు తెలిసింది. తొర్రలోని పట్టు పోయినట్లయితే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు చెపుతాను. నన్ను తప్పుదోవ పట్టించింది ఏమిటో కూడా చెప్పినట్లవుతుంది.

మందు డబ్బా మీద రంగు ముక్కోణం ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అన్నిటికన్న విషం, ఆకుపచ్చ అన్నిటికన్న తక్కువ. ఇది రైతులందరికీ నేర్పాము. మంచిదే. అయితే ఈ రంగు దేనినిబట్టి వేస్తారు? తెల్ల ఎలుకలకు మందు తినిపించి, వాటిలో సగం చావటానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. 50 లోపల అయితే ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు. 501 నుంచి 5,000 దాకా నీలం. ఆపైన ఆకుపచ్చ. అనగా ముక్కోణం చెప్పేది ఎలుకకు, దానినిబట్టి మనిషికి, ఎంత ప్రమాదమో మాత్రమే. ఈగ మాట అందులో లేదు.

థయామిథాక్సామ్ అనే మందును తీసుకోండి. ఎలుకకు కిలో బరువుకు సుమారు 1,560 మిల్లీగ్రాములు పడుతుంది. కనుక నీలం ముక్కోణం. "ఇది మెత్తని మందే" అనుకుంటాము. కాని తేనెటీగ విషయంలో, ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో అయిదు భాగాలు కడుపులోకి పోతే చాలు, తిన్న ఈగల్లో సగం చస్తవి. ఒక గ్రాము మందు ఇరవై కోట్ల ఈగలకు ఆ మోతాదున పంచవచ్చునన్నమాట. ఇమిడాక్లోప్రిడ్ కూడా ఆ కుటుంబానిదే. పైగా ఇవి అంతర్వాహిక మందులు. ఆకుమీద పడితే మొక్క లోపలికి పోయి, రసంలో కలిసి, తరువాత విచ్చే పువ్వు మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరుతవి. కనుక మొగ్గ దశలో కొట్టి, "నేను పూతమీద కొట్టలేదు గదా" అనటానికి వీలులేదు. సాయంత్రం కొట్టినా తప్పించుకోలేము. ఇటువంటి మందులు పూత దగ్గరపడిన పంటమీద మానవలసిందే. స్పైనోశాడ్ వంటివి వేరు. తడిగా ఉన్నప్పుడు ఈగను చంపుతవి, ఆరిన తరువాత ప్రమాదం చాలా తగ్గుతుంది. అక్కడ సాయంత్రపు సూత్రం పనిచేస్తుంది.

తడి అన్నాను గనుక ఇంకొక మాట. రబీలో మంచు ఎక్కువగా పడే రోజుల్లో రాత్రి కొట్టిన మందు తెల్లవారేసరికి ఆరదు. ఆరినది కూడా మంచుకు మళ్ళీ తడుస్తుంది. ఆ రోజుల్లో చీకటి పడ్డాక కాకుండా, పొద్దు వాలి ఈగలు తగ్గిన వెంటనే కొట్టితే ఆరటానికి కొంత వ్యవధి దొరుకుతుంది. పొడి మందు తడి మందుకన్న ఈగకు చేటు. పుప్పొడిలాగానే ఒంటి నూగుకు అంటుకొని పట్టులోకి పోయి పిల్లలకు కూడా చేరుతుంది. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపటం మన దగ్గర ఫ్యాషను అయింది. కొన్ని తెగులు మందులు విడిగా ఈగను ఏమీ చేయవు. పురుగుమందుతో కలిసినప్పుడు ఆ విషాన్ని అనేక రెట్లు పెంచుతవి. డీలరు చెప్పాడని కలపవద్దు. డీలరు మీద నాకు కోపం లేదు. మందు అమ్మేవాడు మందు వద్దని చెప్పటం అరుదు, అది లోకసహజం.

ఇక చట్టం మాట. మన దేశంలో పురుగుమందుల చట్టం ఊరకే రాలేదు. 1958లో కేరళలో విషం సోకిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చచ్చిపోయారు. ఆహార పదార్థాలూ, పారాథియాన్ అనే పురుగుమందూ ఒకే ఓడలో రవాణా అయిన ఫలితమది. విచారణ జరిగింది. పదేళ్ళ తరువాత, 1968లో చట్టం వచ్చింది. 1971లో నిబంధనలు వచ్చినవి. తయారుచేసేవానికి రిజిస్ట్రేషను, అమ్మేవానికి లైసెన్సు, తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు ఏర్పడినది దీనితోనే. ఈ చట్టంలో "జంతువులు" అనే మాటకు అర్థం చెప్పేచోట చేపలనూ, కోళ్ళనూ, కాపాడవలసినవని ప్రభుత్వం ప్రకటించే వన్యప్రాణులనూ కూడా చేర్చారు. అప్పటివారు ముందుచూపుతోనే వ్రాశారు. డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రంలో మనుషులకూ, జంతువులకూ, వన్యప్రాణులకూ కలిగే హానిని తెలపాలని నిబంధన పెట్టారు. అది ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలన్నారు. ఖాళీ డబ్బాలూ, మిగిలిన మందూ, కడిగిన నీళ్ళూ నీటి వనరులను పాడుచేయకుండా పారవేయాలని ఇంకొక నిబంధన. కరపత్రం మనలో ఎంతమంది చదివారో చెప్పండి. అక్షరాలు ఆవగింజంత ఉంటవన్నది నిజమే. ఇంట్లో చదువుకునే పిల్లవానిచేత చదివించవచ్చును. "ఈగలు తిరిగే వేళ కొట్టరాదు" అన్న వాక్యం చాలా కరపత్రాల్లో దొరుకుతుంది. ఆనాడు నేను చదివి ఉంటే నాకూ దొరికేది.

చట్టం చేతిలో ఉన్న ఇంకొక ఆయుధం నిషేధం. ఎండ్రిన్ 1990లో పోయింది. డి.డి.టి.ని 1989లో వ్యవసాయం నుంచి తొలగించారు. బి.హెచ్.సి. 1997లో, ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగినవి. ఫోరేట్ గుళికలకు 2020 డిసెంబరు 31 గడువు పెట్టారు. పాత డబ్బా ఏదైనా మీ కొట్టంలో మూల పడి ఉంటే "డబ్బు పెట్టి కొన్నాము గదా" అని వాడవద్దు.

అయితే ఈ చట్టంలో ఒక సెక్షను ఉన్నది. రైతులకూ, మా బోటివారికీ అది తెలియటం అవసరం. 38వ సెక్షను. తన ఇంటి అవసరానికి, పెరటి తోటకు, తాను సాగుచేసే భూమికి ఎవరైనా మందు వాడుకుంటే ఈ చట్టం వర్తించదు అని అందులో వ్రాశారు. అనగా తయారుచేసేవాని మీద చట్టం ఉన్నది, అమ్మేవాని మీద ఉన్నది, మీ పొలం గట్టు దగ్గరకు వచ్చి అది ఆగిపోయింది. కోటి పొలాల్లో కోటి పంపుల వెంట ఇన్‌స్పెక్టరు తిరగలేడు గనుక అట్లా వ్రాసి ఉంటారని నా అభిప్రాయం. ఏమైనా, పొద్దున తొమ్మిదింటికి పూతమీద మందు కొట్టిన మా పెద్దాయన ఆ చట్టం కింద ఏ తప్పూ చేయలేదు. పెట్టెల కుర్రవానికి ఆ చట్టం కింద అడగటానికి ఏమీ లేదు.

ఐరోపా దేశాలవారు ఇంకొక మార్గాన పోయారు. 2008లో జర్మనీలో రైన్ నది లోయలో మొక్కజొన్న విత్తుతున్నప్పుడు, విత్తనానికి పట్టించిన క్లోథియానిడిన్ మందు పొడి రేగి గాలిలో లేచి పూలమీద పడింది. 11 వేలకు పైగా తేనెటీగల పట్టులు దెబ్బతిన్నవి. తరువాత 2013లో ఆ కుటుంబపు మూడు మందులను ఈగలు వాలే పంటల మీద అక్కడ నిలిపివేశారు. 2018లో ఆరుబయట పొలాల్లో వాడకమే మాన్పించారు. మన పంటలు వేరు, మన పురుగులు వేరు. వారు చేసినదంతా మనం చేయాలని అనటం లేదు. విత్తనశుద్ధి మందు కూడా గాలికి లేస్తుందన్న సంగతి మాత్రం మనకూ పనికివచ్చేదే.

విత్తనశుద్ధి అన్నాక పక్షుల మాట చెప్పాలి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల రక్షిత ప్రాంతం దగ్గర 1980ల చివరలో సారస కొంగలు పొలాల్లో చచ్చిపడినవి. పరీక్షిస్తే ఆల్డ్రిన్ మందు బయటపడింది. గోధుమ విత్తే రోజుల్లో జరిగిన సంగతి ఇది. మన దగ్గర విత్తనాలు తినేది నెమళ్ళు, పావురాలు, పిచ్చుకలు. మందు పట్టించిన విత్తనాన్ని మట్టిలో కప్పెట్టాలి. సాలు చివర తిరుగుడులో ఒలికిన గింజలు ఏరాలి. మిగిలినది కోళ్ళకు వేయరాదు. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి: 38వ సెక్షను పురుగుమందుల చట్టానికి చెందినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అది వర్తించదు. ఆ చట్టం ప్రకారం విషం పెట్టటం కూడా వేట కిందే లెక్క. మన పొలమే గదా అని నెమలికి విషపు గింజలు చల్లితే జైలుపాలు కావలసివస్తుంది.

అర్జెంటీనాలో 1995-96లో మిడతలకు మోనోక్రోటోఫాస్ కొట్టారు. మిడతలను తినటానికి వచ్చిన స్వైన్సన్ డేగలు వేలకు వేలు చచ్చినవి. ఆ డేగలు మిడతలు తినే పక్షులు.  మన చేలలో నల్ల ఏట్రింత - దానినే పసులపోలిగాడు అంటారు - ఆ పని చేస్తుంది. పాలపిట్ట, గోరింక, తెల్లకొంగ చేస్తవి. చావుపిట్ట అని భయపడి రాళ్ళు వేసి తరిమే పక్షి రాత్రిళ్ళు ఎలుకలను పడుతుంది. ఎకరాకు పది పదిహేను చోట్ల టి ఆకారంలో కర్రలు పాతండి. ఏట్రింత వచ్చి కూర్చుని పచ్చపురుగును ఏరుకుంటుంది. నాటిన మరునాడే మందు కొడితే మాత్రం విషం తిన్న పురుగును ఆ పక్షికి మన చేతులారా వడ్డించినట్లే.

వరిలో సుడిదోమ కథ మీకు తెలుసు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టినప్పుడు మొదట దోమ తగ్గినట్లే కనబడుతుంది. సాలీళ్ళు, అక్షింతల పురుగులు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు కూడా పోతవి. తరువాత దోమ తిరిగి లేస్తుంది. అడ్డు ఉండదు. ఇదే మందు చేపలకు మహావిషం. పంపు కాలువలో కడగటం, డబ్బా చెరువులో ముంచి నీళ్ళు తోడటం - ఈ రెండూ మానితే ఊరి చేపలు సగం బతికినట్లే. కడిగిన నీళ్ళు చేను లోపలే, పూలు లేని చోట పోయండి. గుంటలో నిలవనీయవద్దు. తేనెటీగ మధ్యాహ్నం ఎండకు అటువంటి గుంటల దగ్గరకే నీటికి వస్తుంది.

మరి పచ్చపురుగు పడితే ఏం చేయాలి? ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులు ఎన్ని పడుతున్నవో రోజూ చూడాలి. పడిన వెంటనే మందుకు పరుగెత్తకుండా పువ్వు పువ్వు తిప్పి పురుగు లెక్క పెట్టాలి. లెక్క పరిమితి దాటకపోతే చేయి ఊరుకోవాలి. దాటితే మొదట ఎన్.పి.వి. అనే వైరసు మందు. అది ఆ పురుగునే చంపుతుంది, ఈగను ముట్టదు. ఎండకు చెడిపోతుంది గనుక దానిని ఎలాగూ సాయంత్రమే కొట్టాలి. లేదా నూరు లీటర్ల నీటికి అయిదు కిలోల వేపగింజల పొడి చొప్పున నానబెట్టి తీసిన కషాయం. అదీ సాయంత్రమే. ఇవి చాలక రసాయనానికి పోవలసివస్తే, ఏ మందు ఈగకు ఎంత విషమో మమ్మల్ని అడగండి. మాకు తెలియకపోతే తెలుసుకొని చెపుతాము.

కొట్టేముందు మైలు దూరంలో పెట్టెలు ఎవరివైనా ఉన్నవేమో విచారించి, ముందునాడే కబురు చేయండి. మన దేశవాళీ ఈగ సుమారు ఒక కిలోమీటరు దాకా మేతకు పోతుంది, విదేశీ ఈగ అంతకన్న దూరం పోతుంది. కబురు అందితే పెట్టెలవారు రాత్రి ఈగలు చేరుకున్నాక వాకిలికి తీగ జాలి బిగించి, పైన తడి గోనెపట్టా కప్పి, ఒక పూట లోపలే ఉంచుకుంటారు. అంతకుమించి మూసి ఉంచరాదు, వేడికి ఉడికిపోతవి. గట్టుమీద తుమ్మి పూచి ఉంటే దానిమీద కూడా మందు పడకుండా చూడాలి. పంట పువ్వు కాదు గదా అని దానిని లెక్కచేయము. ఈగకు ఆ భేదం లేదు. గాలి ఉన్నప్పుడు తైవాన్ పంపు మానండి. డ్రోను అయితే సన్న తుంపర ఇంకా దూరం పోతుంది. దానిని పిలిపించేవారు పక్క చేను పూతమీద ఉన్నదా లేదా అని ముందు చూచుకోవాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మీరు వ్రాసే చీటీలో మందు పేరుకూ మోతాదుకూ కింద "వేళ" అని ఒక గీత గీసుకోండి. అది ఖాళీగా ఉంటే చీటీ ఇవ్వవద్దు. నా చీటీల పుస్తకంలో ఆ గీత రబ్బరు ముద్ర కొట్టించాను. ముద్రకు అరవై రూపాయలు అయింది.

ఆ కుర్రవాడు మూడు పెట్టెలతో మళ్ళీ మొదలుపెట్టాడు. పట్టు నిండినప్పుడల్లా రెండుగా విడదీసుకుంటూ వచ్చి, కిందటి రబీకి తొమ్మిది చేశాడు. పెద్దాయన ఇప్పుడు తన చేను గట్టుమీదనే చోటు ఇచ్చాడు. పొద్దుతిరుగుడు మొగ్గ తొడగగానే, "ఈసారి ఎన్నడు తెస్తావురా పెట్టెలు?" అని తానే ఫోను చేస్తాడట.